ముందర మూరెడు చోటు

గేటు పడింది. మా కోసమే కాచుకుని ఉన్నట్టు, సరిగ్గా మేము మెరక సగంలో ఉండగా చారల గొట్టం కిందికి దిగింది. మా ఆయన మోటారు సైకిలు ఆపి, రెండు కాళ్ళూ నేలకి తన్నిపట్టి, వెనక్కి తిరగకుండానే "రాయి" అన్నాడు. దానికి తగిలించిన కట్టెల ట్రాలీ వెనక నడుస్తున్న నేను రోడ్డు పక్కకి ఉరికి ఒక నాపరాయి ముక్క తెచ్చి చక్రం వెనక పెట్టి మడమతో తన్ని బిగించాను, రెండో చక్రానికి ఇంకొకటి. అప్పుడుగానీ ఆయన కాళ్ళు సడలించలేదు. గేటు గదిలోంచి గోపీనాథ్ తల బయటపెట్టాడు. వారానికి నాలుగు రోజులు మా కొట్లో ఇడ్లీ తినే మనిషి. "ట్రాక్ మిషను వస్తంది పిన్నీ, అరగంట పైనే పడుద్ది, నీడకి రండి" అన్నాడు. నీడకి రమ్మంటే ఎట్లా వస్తాను, ఏడాది పొయ్యి అంతా ఈ మెరక మధ్యలో రెండు రాళ్ళ మీద ఆగి ఉంటే? మా ఆయన మాత్రం బండి గేరులో వదిలి, తాళ్ళు ఒకసారి లాగి చూసి, వెళ్ళి వేపచెట్టు కింద గొంతుక్కూర్చున్నాడు. గురవయ్యకి కంగారు పుట్టుకతోనే లేదు, ఆయన వాటా కూడా నాకే వచ్చింది.

నిలబడ్డాను, నిలబడితే చేతులు ఏం చేయాలో తెలియడం లేదు. కుడిచెయ్యి దానంతట అదే తల మీదికి పోతోంది, మోపు సర్దడానికి. అక్కడ మోపు లేదు, ఉత్త వెంట్రుకలు, ఎండకి కాలుతున్న పాపిడి. పదకొండేళ్ళు ఈ గేటు దగ్గర నిలబడ్డాను, ఒక్క రోజూ ఖాళీ తలతో నిలబడలేదు. గేటు పడితే అందరూ బండ్లు ఆపుకుని ఫోన్లు చూసుకుంటారు, కట్టెల మోపు నెత్తిన ఉన్న మనిషి ఏం చూసుకుంటుంది? దింపుకోవడం క్షణం పని, మళ్ళీ ఎత్తడానికి మాత్రం ఇంకో మనిషి కావాలి. ఆ ఇంకో మనిషి ఎప్పుడు వస్తుందో తెలియదు కాబట్టి దింపకుండా అట్లాగే నిలబడేదాన్ని, ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటూ. మాచర్ల నుంచి వచ్చే పాసింజరు వెళ్ళేది, కిటికీల్లోంచి పిల్లలు చెయ్యి ఊపేవాళ్ళు, నాకు ఊపడానికి చెయ్యి ఖాళీ ఉండేది కాదు. ఒకసారి ఒక పసిపిల్ల ఊపుతూనే ఉంది, రైలు మలుపు తిరిగేదాకా. ఆ పిల్లకి ఎంత చిన్నతనంగా అనిపించిందో అని ఇంటికి వచ్చాక కూడా బాధపడ్డాను. ఇవాళ రెండు చేతులూ ఖాళీ, వచ్చేది రైలు కాదు, పట్టాలు బాగుచేసే ట్రాక్ మిషను. దానికి చెయ్యి ఊపితే గోపీనాథ్ నాకు మతి పోయిందనుకుంటాడు.

నడుము దగ్గర చీర మడతలో ఏదో ఒత్తుకుంటోంది. చుట్టకుదురు. పాత చీర ముక్క మెలిపెట్టి చుట్టింది, పదకొండేళ్ళుగా మోపుకీ నా తలకీ మధ్య నలిగి నలిగి మా అత్త మడిచే వక్కాకు తిత్తి కంటే మెత్తనైంది. పొద్దున బయల్దేరుతూ ఆయన చూడకుండా బొడ్లో దోపుకున్నాను. ఒట్టు పెట్టాను కదా, పొయ్యి గట్టు మీద చెయ్యి పెట్టి, ఇంక నెత్తిన బరువు పెట్టనని. అయినా తెచ్చాను. ఈ ట్రాలీ మెరక ఎక్కకపోతే? మొదటిసారి ఏం జరిగిందో చూశాను కదా. ఎక్కకపోతే కట్టెలన్నీ ఇక్కడే దింపి, ఆరు మోపులు కట్టి, ఆయన నీళ్ళకో బీడీకో అటు పోయినప్పుడు ఒక్కొక్కటే అవతలికి చేరేసి వస్తే సరిపోతుందని లెక్క వేసుకునే వచ్చాను. మనిషిని నమ్మకపోవడం కాదిది, ఆయన చేసిన ఇనుమును నమ్మలేకపోవడం. అని నాకు నేను సర్దిచెప్పుకుంటున్నాను గానీ, ఆయనకి తెలిస్తే ఆ తేడా చెప్పడం కష్టం.

ఆ ఒట్టు వేయించింది నా కుడిచేతి వేలు. మొన్న సంక్రాంతి దాటిన వారం, పొద్దున్నే కొట్టు నిండా కోర్టు జనం, వాయిదాల రోజు, నేను పెనం మీద దోసె తిరగేస్తున్నాను. ఏదో కమురు వాసన వచ్చింది. పొయ్యిలో చీర కొంగు పడిందేమోనని చూసుకున్నాను, లేదు. అందరూ నా చెయ్యి వైపు చూస్తున్నారు. నా చూపుడువేలు పెనం అంచు మీద ఉంది, ఎంతసేపటి నుంచి ఉందో నాకు తెలియదు. నొప్పి లేదు. చర్మం తెల్లగా పొంగింది, నేను దాన్ని పక్కవాళ్ళ వేలు చూసినట్టు చూశాను. ఆయన పిండి చెయ్యితోనే వచ్చి నా చేతిని తొట్లో ముంచి అట్లాగే పట్టుకున్నాడు, కోర్టు గుమాస్తా ఇడ్లీ ఇడ్లీ అంటున్నా వదల్లేదు. మర్నాడు నరసరావుపేట తీసుకుపోయాడు. డాక్టరు మెడ ఫొటో వెలుతురుకి పెట్టి చూపించి, ఎముకల మధ్య మెత్తది నలిగిపోయిందమ్మా, నరం మీద పడుతోంది, ఇంక తల మీద బరువు పెడితే చెయ్యి పూర్తిగా పడిపోతుంది, అన్నాడు. నేను నవ్వాను, భయంతో వచ్చే నవ్వు అది. ఆయన నవ్వలేదు. తిరుగు బస్సు పిడుగురాళ్ళ దాటుతోంది. సున్నం బట్టీల పొగ కిటికీలోంచి వస్తుంటే, దాని వైపు చూస్తూ, "ఇంకేం మొయ్యమాకు" అన్నాడు. "పొయ్యిలోకి నువ్వు కాళ్ళు పెడతావా ఏంది" అన్నాను. దానికి జవాబు ఆరోజు రాలేదు.

కట్టె లేకుండా మా కొట్టు లేదు. గ్యాసు మీద నడపలేక మూసేసిన టిఫిన్ కొట్లు మా వీధిలోనే రెండున్నాయి. ఆ టైములోనే పుల్లారావు గారి సుబాబుల్ తోట నరకడానికి వచ్చింది. ఊళ్ళో పెద్ద రైతు ఆయన, ప్రతి ఎన్నికకీ ఫ్లెక్సీ మీద నవ్వుతూ నిలబడే మనిషి. మొద్దులు లారీల్లో పేపరు మిల్లుకి వెళ్ళిపోయాయి, నేలంతా కొమ్మలు పరుచుకుని మిగిలాయి. అడగడానికి వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడితే, ఆయనే బయటికి వచ్చి, "పది రోజులు టైమిస్తన్నా రత్నమ్మా, ఎంత మోసుకుంటే అంత నీదే. పదకొండో రోజు డోజరు వచ్చి మోళ్ళు పీకుద్ది, మిగిలింది అక్కడే తగలబెట్టి మిరప ఏసుకుంటా" అన్నాడు. ఊరికే ఇచ్చాడు. ఆ మాట ఎవరికైనా చెబితే నమ్మరు, పుల్లారావు ఊరికే ఇచ్చాడా అంటారు. ఇచ్చాడు, నా ఎదురుగా ఇచ్చాడు, వాళ్ళావిడ మజ్జిగ కూడా ఇచ్చింది. మొద్దుల సీజన్లో కొమ్మల కోసం ట్రాక్టరు పంపేవాడు లేడు. పదిలో ఆరు రోజులు పోయాయి. మిగిలినవి నాలుగు, రోజుకి అయిదు తిరుగుళ్ళు తిరిగితే వచ్చే వేసవి దాకా పొయ్యికి దిగులు లేదు. తోట నుంచి ఊళ్ళోకి దారి ఇదొక్కటే, ఈ గేటు మీదుగా, ఈ మెరక మీదుగా. ఇది ఎక్కితే అన్నీ ఎక్కుతాయి. ఎక్కకపోతే నాలుగు రోజుల తర్వాత నా ఏడాది వంట పుల్లారావు గారి పొలంలో ఒక్క మంటలో అయిపోతుంది.

బస్సులో రాని జవాబు వారం తర్వాత ఇంటి ముందు పడింది, ధడేలుమని. రెండు ఆటో చక్రాలు. పాత సామాన్ల కొట్టు నుంచి భుజాన వేసుకొచ్చాడు. తర్వాత ఒక ఇరుసు. తర్వాత ఒకరోజు నేను మార్కెట్టు నుంచి వచ్చేసరికి వాకిట్లో గుమ్మమంత ఇనప ఫ్రేము, దానికి అంచుల్లో ఇంకా ఫ్లెక్సీ ముక్కలు వేలాడుతున్నాయి, ఒక మూల ఎవరిదో సగం మీసం, దండం పెడుతున్న చెయ్యి. మీసం చూస్తే పుల్లారావు గారిదే. పాత ఎన్నికలప్పటిది, ముళ్ళకంపలో పడి ఉంటే అడిగి తెచ్చాడట. ఆయన మొహం మోసిన ఫ్రేము ఇప్పుడు ఆయన తోటలో కట్టెలు మోస్తోంది. రోజూ పిండి రుబ్బడం అయ్యాక, ఆ ఇనుము ముందు కూర్చుని జానలతో కొలవడం, సుద్దముక్కతో గీతలు గీయడం, చెరపడం. టేపు కొనుక్కోవయ్యా అంటే చెయ్యి చూపించేవాడు. ఆ చేత్తోనే ముప్పై ఏళ్ళు ఎడ్ల బండి కట్టాడు, దాచేపల్లి వైపు నుంచి నాపరాళ్ళు తోలాడు. ఎడ్లు పోయాక బండి చెక్కలు చెదలు పట్టకుండా అటక మీద పెట్టుకుని ఎందుకూ పనికిరాని వాటిని ఏళ్ళ తరబడి తుడిచేవాడు, నేను తిట్టేదాన్ని. ఇప్పుడు ఆ చెక్కలే ట్రాలీకి అడుగు అయ్యాయి. దగ్గరికి వెళ్ళి వాసన చూస్తే ఇంకా ఆముదం వాసన వస్తుంది. ఇదుగో, ఇప్పుడు కూడా వస్తోంది, పచ్చి సుబాబుల్ వాసన కింద నుంచి.

అతకడం నూర్ మొహమ్మద్ పని. కోర్టు వీధి మలుపులో ఆయన వెల్డింగు షెడ్డు. పగలు కిటికీలు, గేట్ల పని, మా పని మధ్యాహ్నం నమాజుకీ అన్నానికీ మధ్య దొరికే కాసేపట్లో. ఎంత ఇవ్వాలి భాయ్ అంటే నల్లద్దాల వెనక నుంచి, "మా ఇంటిది పురిటికి పోయినప్పుడు నెలరోజులు ఎవరి ఇడ్లీ తిన్నాను అక్కా" అన్నాడు. అది జరిగి తొమ్మిదేళ్ళు. నాకు గుర్తే లేదు. మనం పెట్టిన ఇడ్లీ ఇంకొకరి దగ్గర తొమ్మిదేళ్ళు నిలవ ఉంటుందని ఎవరనుకుంటారు?

ఇంక ఆ మొదటి రోజు సంగతి. అయిదు రోజుల కిందట, తోటలో. బండి వెనక సీటు తీసేసి అక్కడ హుక్కు ప్లేటు బిగించారు కాబట్టి నేను నడిచి వెళ్ళాను, ఆయన ట్రాలీ తగిలించుకుని ముందే చేరాడు. కొమ్మలు ఎక్కించడం మొదలుపెట్టాం. ఆయన తాడు సాగదీస్తూ, "ముందర మూరెడు వదులు" అన్నాడు. ఎందుకు వదలాలి? ఉన్న చోటంతా నింపక, ఖాళీగా గాలిని మోసుకుపోతామా? పది రోజుల్లో ఒకటి అప్పుడే పోయింది, నాకు ఒళ్ళు మండుతోంది. ముందు అంచుదాకా పేర్చాను, మొదళ్ళన్నీ ముందుకు పెట్టి మరీ. ఆయన చూశాడు, ఏమీ అనలేదు. అనకపోవడమే ఆయన జబ్బు. బండి ఎక్కి గేరు వేసి క్లచ్చు వదిలాడో లేదో, ముందు చక్రం గాల్లోకి లేచింది, ఆయన వెల్లకిలా కట్టెల మీద పడ్డాడు. మోళ్ళ మధ్య కూర్చుని అన్నం తింటున్న కూలీలందరూ ముద్దలు పట్టుకుని నవ్వారు. నాకు నవ్వు రాలేదు. అందరి ముందూ అన్నాను. "ముప్పై ఏళ్ళు బండి తోలినోడివి, ఇరుసు ఏడ పెట్టాలో తెలవకపోతే ఎట్టాగయ్యా" అన్నాను. అక్కడితో ఆగానా? దారంతా అన్నాను, నూర్ భాయ్ షెడ్డులో మళ్ళీ మొదటి నుంచి అన్నాను.

నూర్ భాయ్ వంగి కింద చూసి, "బావ ఎడ్ల మెడ మీదికి బరువు తెచ్చినట్టు తెచ్చాడక్కా. మోటారు సైకిలుకి మెడ లేదు గదా" అన్నాడు. ఇరుసు కోసి జానెడు ముందుకు జరిపి మళ్ళీ అతికాడు, అందుకు రెండు మధ్యాహ్నాలు పట్టింది. మధ్యలో ఒక పూట కరెంటు పోయింది. అదే సమయంలో నా చీర దేనికో పట్టుకుని చిరిగింది. చూస్తే ట్రాలీ ముందు అంచున, అటొకటి ఇటొకటి, రెండు ఇనప చెవులు పైకి లేచి ఉన్నాయి, బొటనవేలంత బెజ్జాలతో. ఇవెందుకు, కొమ్ముల్లాగా, చీరలు చింపడానికా, కోసెయ్యి నూర్ భాయ్, అన్నాను. నూర్ భాయ్ అద్దం పైకెత్తి మా ఆయన వైపు చూశాడు. ఆ చూపు అప్పుడు నాకు పట్టలేదు. ఈయన ఆ చెవిని ఒకసారి తడిమి, "కోసెయ్ భాయ్" అన్నాడు. రెండు ముక్కలూ కింద పడ్డాయి. నేను చిరుగు చూసుకుంటూ ఉండిపోయాను.

పట్టాల మీద ఇంకా ఏమీ కనపడటం లేదు, ఎండ మాత్రమే ఆవిరిలాగా ఆడుతోంది. మా వెనక ఒక పాల బండి, దాని వెనక గొర్రెల మంద ఆగాయి. గొర్రెలు వచ్చి ట్రాలీకి వేలాడుతున్న సుబాబుల్ ఆకు తింటున్నాయి. తిననీ, అంత బరువైనా తగ్గుతుంది. దాహం వేసింది. నీళ్ళ సీసా బండి పక్క పెట్టెలో ఉంటుంది. పెట్టె తెరిచి చెయ్యి పెట్టాను. కుడిచెయ్యి కదా, దానికి తొందరగా తెలియదు ఏం పట్టుకుందో. ఏదో బరువుగా తగిలితే సీసా అనుకుని లాగాను. పాత గుడ్డలో చుట్టిన రెండు ఇనప ముక్కలు. బొటనవేలంత బెజ్జాలు. నేను కోయించిన చెవులు. పాతగుడ్డ కాదది, ఆయన మంచి తువ్వాలు.

వేపచెట్టు దగ్గరికి పట్టుకెళ్ళాను. "ఇయ్యేంది, దాచిపెట్టావు?"

"ఉండనీ."

"దేనికంట?"

ఆయన గేటు వైపు చూశాడు, గొర్రెల వైపు చూశాడు, ఎక్కడా సాయం దొరకలేదు. "పీటకి" అన్నాడు.

"ఏం పీట?"

"యెనక సీటు తీసేశాం గదా. నువ్వేడ కూర్చుంటావు మరి." అది చెప్పడానికి కూడా తప్పు చేసినవాడిలాగా తువ్వాలు అంచు సాగదీస్తున్నాడు. "ముందరైతే కుదుపు తక్కువ. మూరెడు వదిలి అడ్డంగా పీట బిగిద్దామని. నీ మెడకి కుదుపు పడగూడదన్నాడుగా డాక్టరు."

"ముందే చెప్పొచ్చుగా."

"చెబితే ఎక్కుతావా? నడిచొస్తానంటావు."

అంటాను. నిజమే, అంటాను. నీళ్ళ సీసా తెచ్చి ఆయనకే ఇచ్చాను. ముందర మూరెడు వదులు అన్నది నా కోసం. ఆ మూరెడూ కట్టెలతో నింపింది నేను, మొదళ్ళు ముందుకు పెట్టి. ఆయన ఇరుసు వెనక్కి పెట్టింది ఆ ముందర వట్టి మనిషే కూర్చుంటుంది, ఆ మనిషి కట్టెల కంటే తేలిక అనుకుని. నేను చచ్చేంత బరువు తెచ్చి అక్కడ వేసి, బండి లేస్తే ఆయన్ని పదిమంది ముందు తిట్టాను. అయిదు రోజులు. ఒక్కసారైనా, నీవల్లే లేచింది అనొచ్చు కదా. అనలేదు. చీర చిరిగిందని నేను అరుస్తుంటే నా కూర్చునే చోటు నా ఎదురుగానే కోయించాడు. ఆ ముక్కలు మాత్రం తువ్వాల్లో చుట్టి దాచుకున్నాడు. ఇట్లాంటి మనిషిని ఏం చేయాలి? ఇంత కాలం కాపురం చేసి కూడా నాకు తెలియదు.

ఇంత కాలం అంటే ఎంత, పెళ్ళయిన ఏడు జొన్నలు బాగా పండాయి, ఆ ఏడు. ముప్పాళ్ళ నుంచి నన్ను తీసుకొచ్చింది ఈయన నాపరాళ్ళ బండి మీదే. బస్సు తప్పిపోయింది, మా నాన్న కంగారు పడుతుంటే ఈయన బండి కట్టుకుని వచ్చి నిలబడ్డాడు, సగం బండి రాళ్ళు ఇంకా దింపకుండానే. పెళ్ళికూతురు రాళ్ళ మీదనా అని మా అమ్మ ముక్కు చీదింది. ఈయన ముందర రెండు రాళ్ళు తీసి వెనక్కి సర్ది, అక్కడ గడ్డి పరిచి, దాని మీద తన పైపంచె మడిచి వేసి, "ముందర కూర్చో, కుదుపు తక్కువ" అన్నాడు. నాతో ఆయన అన్న మొదటి మాట అదే. నేను సిగ్గుతో, కోపంతో ఎక్కాను. తెల్లవార్లూ నడిచాయి ఎడ్లు, నేను ఆయన వీపుకి ఆనుకుని నిద్రపోయాను, లేచేసరికి ఆయన కుడి భుజం కదపకుండా ఎడమచేత్తోనే పగ్గాలు పట్టుకుని ఉన్నాడు. ఆ మాట నేను మరిచిపోయాను. ఆయన మరిచిపోలేదు. అదే మాట, అదే చోటు, ఎడ్లు పోయి మోటారు సైకిలు వచ్చినా. దేవుడా, నాకు ఏం తక్కువ చేశావని రోజూ పొద్దున్నే గొణుక్కుంటూ పొయ్యి ముట్టిస్తాను నేను.

కూత వినపడింది. ట్రాక్ మిషను పసుపు రంగులో గుండెలదిరే మోతతో నెమ్మదిగా వచ్చి, నెమ్మదిగా పోయింది, దాని మీద టోపీల వాళ్ళు నలుగురు మా కట్టెల వైపు చూస్తూ. నేను చెయ్యి ఊపాను. ఒకాయన తిరిగి ఊపాడు. గొట్టం పైకి లేచింది. ఆయన వచ్చి బండి స్టార్టు చేసి, "చెయ్యెయ్యమాకు, రాయి తీసి పక్కకి పో" అన్నాడు. రాళ్ళు కాలితో తన్నేసి పక్కకి తప్పుకున్నాను. ఇంజను గట్టిగా అరిచింది. ట్రాలీ ఒక అడుగు కదిలింది, ఆగింది. వెనక టైరు ఉన్నచోటే గిర్రున తిరుగుతోంది, కంకర చిమ్ముతోంది, రబ్బరు వాసన. "రాయి" అని కేకేశాడు. మళ్ళీ పెట్టాను. వెనక పాల బండివాడు హారను కొడుతున్నాడు. ఆయన మళ్ళీ ప్రయత్నించాడు, మళ్ళీ అదే. ఈసారి నా వైపు చూశాడు. ఆ మొహంలో ఓటమి చూశాను, ఎడ్లను అమ్మిన రోజు చూసిన మొహం. నా చెయ్యి బొడ్లోకి పోయింది, చుట్టకుదురు మీదికి. ఆరు మోపులు. ఆరే కదా.

అప్పుడు టైరు చూశాను. అది నేలని ఊరికే తాకుతోంది, ఆనడం లేదు. కట్టెలన్నీ మెరకకి వెనక్కి వేలాడుతూ ట్రాలీ ముక్కును పైకి ఎత్తుతున్నాయి, ముక్కు బండి వీపును ఎత్తుతోంది. ఇది నాకు తెలిసిందే. నా మెడకి తెలిసిందే. మెరక ఎక్కేటప్పుడు నెత్తిన మోపు ఇట్లాగే వెనక్కి లాగుతుంది, అప్పుడు ముందు కొసని చేత్తో కాస్త కిందికి వంచి పట్టుకుంటాం, అంతే, కాలు నేలకి ఆనుతుంది. ఈ ట్రాలీ అడుగుతోంది అదే. ముందు కొసన కాస్త బరువు. ఎక్కువ కాదు, ఒక మనిషంత.

"ఆగు, నేనెక్కుతా" అన్నాను.

"ఏడికి?"

"నువ్వు కూర్చోమన్న చోటికే."

చక్రం మీద కాలు పెట్టి, తాడు పట్టుకుని ఎక్కాను. చోటెక్కడిది, అంచుదాకా నింపుకొచ్చింది నేనే. బొడ్లోంచి చుట్టకుదురు తీసి కట్టెల మీద వేశాను, దాని మీద కూర్చున్నాను. ఆయన వెనక్కి తిరిగి చూశాడు. దాన్ని చూశాడు, అది ఎందుకు తెచ్చానో కూడా చూశాడు, కళ్ళలో ఒక్క క్షణం మెరిసి ఆరింది. నాకే ఉండబట్టలేదు. "బతికుండగానే కట్టెలెక్కించావు గదయ్యా" అన్నాను. గోపీనాథ్ గేటు పట్టుకుని నవ్వుతున్నాడు. ఆయన గేరు వేశాడు. నా కింద ట్రాలీ ముక్కు వంగింది, టైరు నేలని కరిచింది, కదిలింది. మోత, కుదుపు, మొదటి పట్టా, రెండో పట్టా, కట్టెలు కిర్రుమన్నాయి, నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి రోడ్డు ముందుకు పల్లంగా ఊరిదాకా కనపడుతోంది.

దిగబోతే, "దిగమాకు, ఇప్పుడే కుదురుగా ఉంది" అన్నాడు. నేనుంటే వెనక టైరు తేలడం లేదట. నిజంగానో, అబద్ధమో. కూర్చున్నాను. ఇంత ఎత్తు నుంచి ఈ దారి నేనెప్పుడూ చూడలేదు. తల దించుకుని నడిచే మనిషికి కనపడేది తన కాళ్ళ ముందు మూడడుగులే కదా. కాలవ పక్కన ఎవరో తెల్ల గన్నేరు పెట్టారు, ఎంత ఎదిగిందో. మజ్జిగ ఇచ్చినందుకు పుల్లారావు గారి ఆవిడకి రేపు పెసరట్లు పంపాలి. నూర్ భాయ్ ఇంటికి కూడా. ఆ ట్రాక్ మిషను ఆయనకి కూడా, ఎవరో, చెయ్యి ఊపినందుకు. నా ఎదురుగా ఆయన వీపు, చొక్కా చెమటకి తడిసి అంటుకుపోయింది, కుడి భుజం కాస్త కిందికి వంగింది వయసుకి. ఆనుకోవచ్చు, అంత దగ్గర. కోర్టు వీధిలో అందరూ చూస్తారు. చూడనీ. తల ఆనించాను.

భుజం కదల్లేదు.

కాసేపటికి, ఊరి మొదట్లో, "ఇంకో జానెడు వదిలితే కాళ్ళు చాపుకునేదాన్ని గదయ్యా" అన్నాను.

"సాయంత్రం నూర్ భాయ్ దగ్గరికి పోదాం. చెవులు నా దగ్గరే ఉండయ్" అన్నాడు.